నాలుగో రాజు

ఆ ఆదివారం పొద్దున యోకాస్తా పిల్లకి జడలు వేస్తుంటే అత్తగారు మర్సెలీనా గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. కోడలు ఎక్కడికి బయల్దేరుతోందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. జడలకి పసుపుపచ్చ రిబ్బన్లు ఎక్కాయంటే స్టేడియానికే. పసుపుపచ్చ పెలికన్ల రంగు. పెలికన్లు ఆ చెరకు ఊరి బేస్‌బాల్ జట్టు. ఆ జట్టుకి కుడివైపు బయటి మైదానం కాసేవాడు ఆవిడ కొడుకు, యోకాస్తా మొగుడు, రాదమెస్. కాసేవాడు అని ఇప్పుడు అనకూడదేమో. పండగ రోజు నుంచి అతను కాస్తున్నది బెంచీని.

"నువ్వెళ్తే వెళ్ళు. పిల్లని మాత్రం తీసుకెళ్ళకు," అంది మర్సెలీనా. "దాని మీద ఫుకూ ఉంది. నా మనవరాలే, నా ప్రాణమే. అయినా ఉన్నది ఉంది."

ఫుకూ అన్న మాట ఆ దీవిలో ఎవరూ గట్టిగా అనరు. మనిషికి పట్టుకుని వదలని దరిద్రం అది. అత్తగారు అంత మాట అన్నందుకు యోకాస్తాకి కోపం రావాలి. రాలేదు. పిల్లని పక్కలో వేసుకుని పడుకున్నప్పుడు తను అనుకుంటున్నదీ అదే.

అదంతా జనవరి ఆరున మొదలైంది. ముగ్గురు రాజులు ఒంటెలెక్కి వచ్చి పిల్లలకి కానుకలిచ్చే పండగ అది. నాలుగున్నరేళ్ళ యూలీ ముందురోజే మంచం కింద ఒంటెల కోసం గడ్డి పెట్టింది, పొద్దున్నే బొమ్మ దొరికించుకుంది, మధ్యాహ్నం అట్ట కిరీటం పెట్టుకుని వాళ్ళ నాన్న ఆట చూడ్డానికి వెళ్ళింది. రాదమెస్‌కి ఒక పాత అలవాటుంది. ముగ్గురు ఔటయితే అవతలి జట్టు వంతు అయిపోయినట్టు. ఆ మూడో ఔట్ తన గ్లవ్‌లో పడితే, బంతిని గోడ దగ్గరికి తెచ్చి పిల్లల్లోకి విసిరి మరీ వెళ్తాడు. ఆ రోజూ ఒక బంతి ఆకాశంలోకి లేచింది, పట్టాడు, మెరిసే కిరీటం ఒకటి కనబడింది, నవ్వుకుంటూ వచ్చి కూతురి ఒళ్ళోకి విసిరాడు. స్టేడియం అంతా లేచి అరిచింది. యోకాస్తా అవి కేకలనుకోలేదు, చప్పట్లనుకుంది.

అది రెండో ఔట్.

బంతిని జనంలోకి విసిరేస్తే అవతలివాళ్ళ రన్నర్లకి రెండేసి బేస్‌లు ఊరికే ఇచ్చేస్తారు. రెండో బేస్‌లో ఉన్నవాడు షికారుకొచ్చినట్టు నడుచుకుంటూ వచ్చి పరుగు చేశాడు. ఆ పరుగుతోనే పెలికన్లు ఓడిపోయారు. ఆ సాయంత్రమే రేడియోలో ఎవరో అన్నారు, ఈ ఊళ్ళో రాజులు ముగ్గురు కాదు, నలుగురని. ఇక చూసుకోండి. మర్నాటికల్లా రాదమెస్ పేరు ఊరు మొత్తం మరిచిపోయింది, నాలుగో రాజు అన్న పేరే మిగిలింది. కొట్టుకెళ్తే, రాజుగారూ మాకేం తెచ్చారు అని అడిగేవాళ్ళు. రోజూ తలుపు తీస్తే గుమ్మం ముందు పచ్చగడ్డి మోపు ఉండేది, ఒంటెకి మేత.

పదహారేళ్ళప్పుడు అతన్ని సముద్రం దాటి ఉత్తరదేశపు పెద్ద జట్టువాళ్ళు సంతకం పెట్టించి తీసుకుపోయారు. చలి ఊళ్ళలో, బస్సుల్లో, చిన్న జట్ల కోసం ఎన్నో ఏళ్ళు ఆడాడు. ఒక వేసవిలో కొన్ని వారాలు అసలైన పెద్ద స్టేడియంలో ఆడాడు, ఆ ఫోటో మర్సెలీనా ముందుగదిలో మరియమ్మ పటం పక్కన ఉంటుంది. తరవాత మోకాలు పోయింది. తరవాత వేసవుల్లో మెక్సికో. ఎక్కడ తిరిగినా చలికాలం మాత్రం సొంత ఊరి పెలికన్లకే. ఇప్పుడు ముప్పై అయిదు దాటాయి. ఇన్నేళ్ళలో పట్టిన బంతులు ఎవరికీ గుర్తులేవు. విసిరిన బంతి ఒక్కటే గుర్తుంది. మేనేజర్ ముసలి తెయోఫిలో ఒక్క మాట తిట్టలేదు, తిట్టుంటే బాగుండేది. మర్నాడు అతని చోట ఇంకొకణ్ణి నిలబెట్టాడంతే.

ఈ ఆదివారం తేళ్ళ జట్టుతో ఆట. గెలిచినవాళ్ళు ఫైనల్‌కి, ఓడినవాళ్ళు ఇంటికి. ఓడితే రాదమెస్‌కి అదే ఆఖరు, వచ్చే చలికాలం అతన్ని ఎవరూ పిలవరని ఊరంతా అనేసుకుంది. యోకాస్తాని కాల్చేది అది కూడా కాదు. అన్నేళ్ళు ఆడిన మనిషి చివరికి ఆ పేరుతో ఇంటికి రావడం, ఆ పేరు పెట్టించింది తన ఒళ్ళో పిల్ల కావడం. ఆ రోజు నుంచి అతను మైదానంలోంచి జనం వైపు తలెత్తి చూడలేదు. ఇంట్లో పిల్లతో ఆడుతున్నాడు గాని బంతితో ఆడ్డం లేదు.

"అత్తయ్యా, జరగండి. బస్సు పోతుంది," అంది యోకాస్తా.

మొగుడికి చెప్పకుండా వెళ్తోంది. వెళ్ళి ఏం చేస్తుందో తనకీ తెలీదు. అదే ఆఖరి ఆటైతే అక్కడ తన మనుషులంటూ ఇద్దరుండాలి, అంతే.

తేళ్ళ ఊరు లోయలో, కొండల మధ్య. బస్సు ఆ ఊళ్ళోకి తిరగ్గానే ఎరుపు జెండాలు చూసి యోకాస్తాకి భయం పట్టుకుంది. పిల్ల జడల రిబ్బన్లు విప్పేసి సంచిలో పెట్టింది. యూలీ ఎందుకని అడగలేదు. ఆ పిల్ల ఈమధ్య ఎందుకని అడగడం మానేసింది.

దొరికిన టిక్కెట్లు సరిగ్గా కుడివైపు గీత పక్కన, ముందు వరసలో, చుట్టూ తేళ్ళవాళ్ళే. పక్క సీట్లో తలనిండా రోలర్లు చుట్టి పైన గుడ్డ కట్టుకున్న భారీ మనిషి, చెవి దగ్గర చిన్న రేడియో. అడక్కుండానే తన పేరు సెనైదా అని చెప్పింది, అడక్కుండానే బత్తాయి ఒలిచి పిల్ల చేతిలో పెట్టింది. వెనక డోలు వాయిస్తున్నవాణ్ణి వంట చేతకానివాడిలా బాదుతున్నావని కేకలేసింది. కాళ్ళ దగ్గర ప్లాస్టిక్ సంచి ఒకటి ఉంది, నిండా పచ్చగడ్డి.

"అదేంటి?" అంది యూలీ.

"ఇదా తల్లీ? వాళ్ళ జట్టులో ఒక రాజుగారున్నాడులే. బయటికొస్తే ఆయన ఒంటెకి వేద్దామని."

"మా నాన్నకి ఒంటె లేదు," అంది యూలీ.

సెనైదా పిల్లని చూసింది, తల్లిని చూసింది, రేడియో చెవి మీంచి దించింది. తరవాత గడ్డి సంచిని కాలితో మెల్లిగా సీటు కిందికి తోసింది.

"ఏవనుకోకమ్మాయ్," అంది గొంతు తగ్గించి. "ఆట అన్నాక ఇవన్నీ ఉంటాయి. నీ మీద నాకేం కోపం లేదు. కాని ముందే చెప్తున్నా, మీ ఆయన మైదానంలోకొచ్చాడంటే మాత్రం నేను వేస్తా. ఇంత దూరం మోసుకొచ్చాను."

"వెయ్యండి దోన్యా," అంది యోకాస్తా, పెద్దవాళ్ళని పిలిచే మర్యాదతో. ఎందుకో ఆ నిజాయితీకి ఆమెకి కొంచెం ఊపిరాడింది.

ఆట నడుస్తోంది. పిల్లకి నీళ్ళసీసా తీద్దామని సంచిలో చెయ్యి పెడితే గుండ్రంగా ఏదో తగిలింది. బంతి. పండగనాటి బంతి. ఇన్నాళ్ళూ పిల్ల దాన్ని ఎక్కడ దాచిందో యోకాస్తాకి తెలీదు. యూలీ తల్లి చెవిలో చెప్పింది, ఇది నాన్నకి తిరిగిచ్చేస్తానని, ఇచ్చేస్తే నాన్న ఇక రాజు కాదని. యోకాస్తా పిల్ల తల తన పొట్టకి నొక్కుకుంది. ఆట అయ్యాక ఇద్దాం, ఆట అయ్యేవరకు బయటికి తియ్యకూడదు అని ఒట్టు వేయించుకుంది.

ఎనిమిదో ఇన్నింగ్స్‌కి స్కోరు మూడు, మూడు. పెలికన్ల కుర్రవాడు కుడివైపు పరిగెడుతూ తొడ పట్టుకుని కూలబడ్డాడు. ఇద్దరు మోసుకెళ్ళారు. ముసలి తెయోఫిలో బెంచీ ఆ చివర నుంచి ఈ చివరికి చూశాడు. ఇంకెవరూ మిగల్లేదు. రాదమెస్ టోపీ సర్దుకుంటూ బయటికొచ్చాడు.

స్టేడియానికి పండగొచ్చింది. డోళ్ళు, గీకుడు వాయిద్యాలు, బూరలు ఒక్కసారి మోగాయి. రాజుగారికి దారి అని కేకలు. గడ్డి పరకలు గాల్లో ఎగిరాయి, చూస్తే సెనైదా ఒక్కతే కాదు, చాలామందే మోసుకొచ్చారు. సెనైదా కూడా లేచి రెండు గుప్పిళ్ళు వేసింది, మాటిచ్చినట్టే, పిల్ల వైపు చూడకుండా. రాదమెస్ గడ్డి తొక్కుకుంటూ వచ్చి తన చోట నిలబడ్డాడు. వీపు ఇటు. తలెత్తలేదు.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో పెలికన్లకి ఏమీ రాలేదు. ఇక తేళ్ళ వంతు. ఒక్క పరుగు చేస్తే చాలు, ఆట అక్కడికక్కడే ముగుస్తుంది. మొదటివాడు ఔట్. రెండోవాడు ఎడమవైపు గోడకి కొట్టి, దుమ్ము రేపుకుంటూ మూడో బేస్‌కి చేరాడు. స్టేడియంలో కూర్చున్నవాడు లేడు. యోకాస్తా మాత్రం లేవలేదు. పిల్లని రెండు చేతుల్తో పట్టుకుని, సీటుకి అతుక్కుపోయింది. మూడో బేస్ నుంచి ఇంటికి, అంటే పరుగు పూర్తయ్యే ఆఖరి బేస్‌కి, తొంభై అడుగులు. ఆ తొంభై అడుగుల్లో తన సంసారం పరువు మొత్తం ఉంది.

తేళ్ళ బాహుబలి బ్యాట్ పట్టుకుని వచ్చాడు. ఎడమచేతివాటం. మొదటి బంతికే ఎగరేశాడు.

బంతి కుడివైపు లేచింది. ఇంకా ఇంకా కుడికి జరిగింది. గీత దాటింది. ఇటే వస్తోంది. రాదమెస్ పరుగు తీశాడు, ఆ పాడు మోకాలితో, టోపీ ఎగిరిపోయింది, గీత దాటాడు, మట్టిలోకొచ్చాడు, గోడ దగ్గరికొచ్చాడు, బంతి కిందికొచ్చేశాడు. గ్లవ్ పైకెత్తాడు. యోకాస్తాకి అతని మెడ మీద చెమట కనబడుతోంది. అంత దగ్గర. బంతి కోసం తలెత్తినవాడు బంతి పక్కనే వాళ్ళని చూశాడు. తల్లిని, పిల్లని. కళ్ళు కలిశాయి.

గ్లవ్ దించేశాడు.

బంతి అతనికి మూరెడు దూరంలో మట్టిలో దబ్బుమని పడింది.

ఆ తరవాత నవ్వులు, ఈలలు. వెనక ఎక్కడో ఉన్న నలుగురు పెలికన్లవాళ్ళ బూతులు. చేతిలో పడేదాన్ని వదిలేశాడు, బంతంటే భయం పట్టుకుంది వీడికి, అని ఒకడు ఏడుపు గొంతుతో అరిచాడు. సెనైదా రేడియోలో కూడా అదే మాట. అత్తగారు చెప్పింది నిజమే. తను రాకూడదు, పిల్లని తేకూడదు. మమ్మల్ని చూశాడు, బంతి వదిలేశాడు. మేమే ఫుకూ.

రాదమెస్ ఇంకా అక్కడే ఉన్నాడు. ఆమెనే చూస్తున్నాడు. చెయ్యెత్తి ఒక వేలు చూపించాడు. తరవాత గబగబా తన చోటికి పోయాడు.

ఒకటి. ఏంటి ఒకటి?

పెళ్ళైన కొత్తలో, యోకాస్తాకి ఈ ఆట ఓనమాలు తెలియనప్పుడు, భోజనం ముందు అతను బల్ల మీద ఆట పరిచేవాడు. వేయించిన అరటిముక్కలు బేస్‌లు, ఎర్రచిక్కుళ్ళు రన్నర్లు. బంతిని గాల్లో పట్టుకుంటే కొట్టినవాడు ఔట్, చూడు పిల్లా, కాని ఈ చిక్కుడుగింజ అరటిముక్క మీద కాలు పెట్టి కాచుకునుంటుంది, నేను పట్టిన క్షణం నుంచి అది పరిగెత్తొచ్చు, అని గింజని ఇంటికి తోసి నోట్లో వేసుకునేవాడు. గీత బయట పట్టినా అంతే. గీత బయటే కింద పడితే మాత్రం ఆ బంతి చెల్లదు, గింజ కదలకూడదు. ఎనిమిదో క్లాసులో బడి మానేసిన తనకి లెక్కలు ఎక్కవని ఆమె అంటే, ఇది లెక్క కాదు, ఆకలి, అనేవాడు.

ఒకటి అంటే ఒక ఔట్.

యోకాస్తా లేచి నిలబడింది. మూడో బేస్ వైపు చూసింది. అక్కడి రన్నర్ బేస్ మీద కాలు పెట్టి, ముందుకు వంగి, పరుగుకి సిద్ధంగా ఉన్నవాడల్లా నడుం నిటారు చేసి విసుగ్గా తొడ చరుచుకున్నాడు.

"దోన్యా," అంది. "వాణ్ణి చూడండి. మీవాణ్ణి. మా ఆయన ఇంత లోతున వచ్చి ఆ బంతి పట్టుంటే వాడు ఈపాటికి ఇంట్లో ఉండేవాడు. ఇక్కణ్ణుంచి విసిరితే ఎవరి చెయ్యీ అందదు. పట్టుంటే ఆట అయిపోయేది. మీరు గెలిచేవాళ్ళు."

సెనైదా నోరు తెరిచి మూడో బేస్‌ని చూసింది. బేస్‌ని, గోడని, మట్టిలో బంతి పడిన గుంటని. ఆమె కూడా చిన్నప్పటినుంచి ఈ ఆట తిని పెరిగిన మనిషే.

"ఓరి వీడి దుంపతెగ," అంది చివరికి. "పరిగెడుతూ లెక్కపెట్టుకున్నాడా?"

"ఔను," అంది యోకాస్తా. ఆ ఒక్క మాట అనడానికి ఆమె ఇన్నాళ్ళు ఎదురుచూసింది.

చెప్పుకోవడానికి అంతకన్నా టైము లేదు. బాహుబలి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ కుడివైపే, కాని ఈసారి గీత లోపల, మరీ దగ్గర కాదు, మరీ దూరం కాదు. కింద పడనిస్తే పరుగు. పట్టుకుంటే రన్నర్ పరుగు తీస్తాడు. ఇక వదలడానికి లేదు. ఏమున్నా ఆ విసిరే చేతిలోనే ఉండాలి.

రాదమెస్ ముందుకి రాలేదు. వెనక్కి నాలుగడుగులు వేశాడు. వెనక్కెందుకు పోతున్నాడని జనం నవ్వారు. యోకాస్తా నవ్వలేదు, పిల్లని ఎత్తి చంకలో వేసుకుంది. బంతి దిగుతుంటే అతను ముందుకి ఉరికాడు, ఉరుకులోనే పట్టాడు, ఆ ఉరుకంతా భుజంలోకి తెచ్చి, నేల మీద పడిపోయేంతగా విసిరాడు. మూడో బేస్‌లో కాలు లేచింది. బంతి గీత గీసినట్టు పోయింది. ఒకే ఒక్కసారి నేలకి తగిలింది. క్యాచర్ గ్లవ్‌లో పడ్డ చప్పుడు కుడివైపు గోడ దాకా వినిపించింది. రన్నర్ జారుకుంటూ వచ్చాడు. దుమ్ము. దుమ్ములో ఏమీ కనబడలేదు. అంపైర్ వంగాడు, చూశాడు, పిడికిలి బిగించి గాల్లోకి గుద్దాడు.

ఔట్. బంతి పట్టినందుకు ఒకటి, విసిరినందుకు ఒకటి, ముందుదానితో మూడు. తొమ్మిదో ఇన్నింగ్స్ అయిపోయింది.

తాను అరుస్తున్నానని యోకాస్తాకి తెలీదు. తేళ్ళవాళ్ళ మధ్య నిలబడి, రోలర్ల సెనైదా భుజం పట్టుకుని ఊపేస్తూ అరుస్తోంది. సెనైదా ఊగింది గాని విడిపించుకోలేదు.

పదో ఇన్నింగ్స్‌లో పెలికన్లు ఒక పరుగు లాగారు. ఎలా లాగారో యోకాస్తాని అడిగితే చెప్పలేకపోయేది, ఆమె కళ్ళు ఇంకా కుడివైపే ఉన్నాయి. తేళ్ళు మళ్ళీ బ్యాట్ పట్టినప్పుడు కుడివైపు ఒక్క బంతీ రాలేదు. చివరివాడు బ్యాట్‌ని గాలికి ఊపి, దాన్నే చూసుకుంటూ నిలబడిపోయాడు. పెలికన్లందరూ పిచర్ మీద పడిపోయారు.

సెనైదా రేడియో గొంతు పెంచింది. మేనేజర్ తెయోఫిలోని అడుగుతున్నారు, ఆ విసురు గురించి. విసురు సంగతి నాకు తెలుసు, దాంతోనే వాణ్ణి ఇన్నేళ్ళు పెట్టుకున్నాను, అన్నాడు ముసలాయన. నాకు కావాల్సింది అంతకుముందు వాడు వదిలేసిన బంతి. దాని కోసం వచ్చే నవంబరులో కుడివైపు వాడే ఉంటాడు, కాళ్ళు మోసినంత కాలం ఉంటాడు.

"విన్నావా?" అంది సెనైదా. "మళ్ళీ ఏడు కూడా ఈ దరిద్రాన్ని మేం భరించాలంట." అంటూ సీటు కింద మిగిలిన గడ్డి సంచి ముడి వేసింది. "మా ఇంట్లో మేక ఉంది. అది తింటుందిలే."

యోకాస్తా సంచిలోంచి పసుపుపచ్చ రిబ్బన్లు తీసి పిల్ల జడలకి కట్టింది. తొందరలో ఒకటి వంకరగా వచ్చింది.

జట్టు గుంపులోంచి విడిపడి రాదమెస్ ఇటు నడిచొస్తున్నాడు. గీత దగ్గర ఆగాడు. ఉత్త చేతులు. తలెత్తి, ఎంతమంది ఔటయ్యారని కూతుర్ని అడిగాడు. యూలీ తల్లి వైపు చూసింది. యోకాస్తా మూడు వేళ్ళు చూపించింది. పిల్ల మూడు వేళ్ళు చూపించి, ఒట్టు తీరిందని నమ్మకం కుదిరాక, సంచిలోంచి బంతి తీసింది.

"నాన్నా, ఇది నీదే. పట్టుకో."

రెండు చేతుల్తో తలమీంచి విసిరింది. నాలుగున్నరేళ్ళ చేతులు. బంతి గోడ దాటగానే కూలిపోతోంది. రాదమెస్ మొహంలో నవ్వు ఆగిపోయి ఆట వచ్చేసింది. గ్లవ్ లేకుండా, మోకాలు సంగతి మర్చిపోయి, ముందుకి దూకి, గడ్డి పరకలు అంటుకున్న మట్టిలో ఛాతీ మీద జారుతూ, నేలకి బెత్తెడు ఎత్తులో, ఒంటి చేత్తో పట్టాడు.

చుట్టూ ఇళ్ళకి పోబోతున్న తేళ్ళవాళ్ళు ఆగారు. సెనైదా అంపైర్‌లా పిడికిలి గాల్లోకి గుద్దింది.

"ఔట్," అంది.